ఆరుబయటి పాఠశాల: పేట్రిక్ గెడ్డీసు జీవితము

విద్య నాలుగు గోడల నడుమనే జరుగవలసినదా, లేక ఊరి వీధిలోను, ఏటి గట్టునను, కొండ చరియపైనను కూడ జరుగవలసినదా అను ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. శిష్యుడు గురువు వెంట నడచి, చూచి, చేసి నేర్చుకొనుట మన సంప్రదాయమున చిరకాలముగా నున్నదే. అచ్చు పుస్తకమును పరీక్షయు బలపడిన 19వ శతాబ్దిలో ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞుడుగా మరల లేవనెత్తి, సమాధానమును మాటలలోకంటె నడకలో ఎక్కువగా చూపినవారిలో పేట్రిక్ గెడ్డీసు ముఖ్యుడు. వృక్షశాస్త్రముతో జీవితము నారంభించి, ఆధునిక నగర నిర్మాణ శాస్త్రమునకు మూలపురుషులలో ఒకడుగా పేరొందిన ఈ స్కాట్లండు దేశీయుడు 1914కును 1924కును నడుమ కాలములో అధికభాగమును భారతదేశమున గడపెను. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయము నేడున్న చోట వెలయుటతో కూడ ఆయనకు సంబంధము కలదు.

నగర నిర్మాతగా గెడ్డీసును గూర్చి చాల వ్రాయబడినది. ఈ వ్యాసమున ఆయన జీవితమును వేరొక దారిన పరిశీలింతము. పిల్లలను, ఉపాధ్యాయులను, ఊరి ప్రజలను వెంటబెట్టుకొని బయటికి నడిపించి, తమ చోటును తాము చదువుకొనుట నేర్పిన అధ్యాపకుడుగా ఆయనను చూతము. భాషా సాహిత్య పరిశోధకులకు ఈ జీవితముతో నేమి పని యను సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము కథనము సాగుకొలది దానంతట అదియే తెలియగలదు.

బాల్యము, విద్యాభ్యాసము

గెడ్డీసు 1854వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన స్కాట్లండు ఉత్తర భాగమున బాలటర్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి అలెగ్జాండరు సైన్యములో పనిచేసినవాడు. బాలుని పసితనముననే కుటుంబము పెర్తు పట్టణమునకు వచ్చి, కిన్నూల్ కొండ వాలుపైని యొక ఇంట స్థిరపడెను. ఇంటి చుట్టును తోట. తోట వెనుక కొండ. కొండ దిగువను టే నది. నది యొడ్డున పట్టణము. ఒక చోట నిలిచి చూచినచో అడవియు, పొలమును, ఊరును, ఓడలు వచ్చిపోవు నీరును ఒక్క చూపునకు అందెడిది. తండ్రి కుమారుని తోటపనిలో పెట్టి మొక్కల పోషణ నేర్పెను. కొండలపైకి దీర్ఘ సంచారములకు కొనిపోయెను. తరువాతి కాలమున గెడ్డీసు రచించిన విద్యా ప్రణాళికలన్నిటికిని మూలమీ తోటయు ఈ కొండయు నని చెప్పవచ్చును.

బడి చదువు ముగిసిన పిమ్మట తండ్రి కోరికపై కొంతకాలము బ్యాంకులో పనిచేసెను. కాని మనసు ప్రకృతి శాస్త్రములపైననే నిలిచెను. 1874లో వృక్షశాస్త్రము నభ్యసింపగోరి ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి, అచటి బోధన రుచింపక వారము దినములకే విడిచిపెట్టెను. జీవముగల మొక్కను గూర్చి తెలిసికొన వచ్చినవానికి ఎండబెట్టిన నమూనాల వర్గీకరణము తృప్తి నీయలేదు. లండను వెళ్లి, డార్విను సిద్ధాంతమునకు గొప్ప సమర్థకుడైన టి. హెచ్. హక్స్‌లీ వద్ద శిష్యరికము చేసెను. పట్టము పొందుటకు మాత్రము ఎన్నడును ప్రయత్నింపలేదు. విశ్వవిద్యాలయములకు ప్రణాళికలు గీచిన ఈ ఆచార్యుడు ఏ విశ్వవిద్యాలయ పరీక్షయు వ్రాసి పట్టభద్రుడు కాలేదనుట గమనింపదగినది.

1878లో ఫ్రాన్సు దేశమున రాస్కాఫ్ అను సముద్రతీర పరిశోధనశాలలో పనిచేసెను. పారిస్ నగరమున ఫ్రెడరిక్ ల ప్లే యొక్క సామాజిక సిద్ధాంతము ఆయనకు పరిచితమయ్యెను. చోటు, పని, కుటుంబము అను మూడింటిని కలిపి చూచినగాని ఏ సంఘమును అర్థము కాదని ల ప్లే మతము. గెడ్డీసు కుటుంబమునకు బదులు జనము అను పదమును గ్రహించి, చోటు, పని, జనము అను త్రయమును తన యావజ్జీవ సూత్రముగా చేసికొనెను.

1879లో పరిశోధనకై మెక్సికో వెళ్లినప్పుడు కన్నులకు తీవ్రమైన జబ్బు చేసెను. కొన్ని వారములు చీకటి గదిలో, కన్నులకు కట్టుతో పడియుండవలసి వచ్చెను. చదువుటకును వ్రాయుటకును వీలులేని ఆ దినములలో కిటికీ చట్రము గడులను చేతితో తడవి చూచుచు, ఒక్కొక్క గడికి ఒక్కొక్క భావమును కేటాయించి, శాస్త్రములకు గల పరస్పర సంబంధములను ఆలోచించెను. తరువాత కాగితమును గడులుగా మడిచి విషయములను పొందుపరచు అలవాటు ఆయనకు ఇట్లు కలిగినదే. చూపు తిరిగి వచ్చెను గాని, సూక్ష్మదర్శినిలో గంటల తరబడి చూచు శక్తి మరల రాలేదు. దగ్గరి చూపును కోల్పోయినవాడు దూరపు చూపును ఆశ్రయించెను. కణమును విడిచి కొండను, లోయను, నగరమును చదువ నారంభించెను.

ఎడింబరో: వేసవి సమావేశములు

1880 నుండి ఎడింబరో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్ర ప్రదర్శకుడుగా పనిచేసెను. 1886లో అన్నా మోర్టనును వివాహమాడెను. ఆ దంపతులు మరుసటి యేడు పాత పట్టణములో జేమ్స్ కోర్టు అను శిథిలమైన పేదల వాడలో కాపురము పెట్టిరి. సంఘసేవకులు బయటినుండి వచ్చిపోవుట కంటె అచటనే నివసించుట మేలని వారి నమ్మకము. గోడలకు సున్నము వేయుట, ఎండ తగలని ముంగిళ్లను తుడిచి శుభ్రపరచుట, కిటికీలలో పూలకుండలు పెట్టుట మొదలగు చిన్న పనులతో వారు ప్రారంభించిరి. ఇరుగుపొరుగువారు తోడుపడిరి.

ఆ 1887లోనే వేసవి సమావేశములు మొదలయ్యెను. పాఠశాలల సెలవులలో ఉపాధ్యాయులును, ఇతర జిజ్ఞాసువులును ఎడింబరోలో చేరి కొన్ని వారములు కలిసి చదువుదురు. సముద్రజీవుల పరిశీలనతో చిన్నదిగా మొదలైన ఈ కార్యక్రమము క్రమముగా వృక్షశాస్త్రము, భూగోళము, చరిత్ర, సంఘశాస్త్రము, కళలు కలిసిన పెద్ద సభగా పెరిగెను. స్త్రీలకు విశ్వవిద్యాలయ ద్వారములు ఇంకను పూర్తిగా తెరువబడని ఆ దినములలో ఈ సమావేశములందు స్త్రీ పురుషులు సమానముగా పాల్గొనిరి. ఫ్రెంచి భూగోళ శాస్త్రజ్ఞుడు ఎలిజె రెక్లూ వంటి ప్రసిద్ధులు వచ్చి బోధించిరి.

ఈ సమావేశములలో ప్రధానమైనది సంచారము. ఉదయము ఉపన్యాసము, మధ్యాహ్నము బయటికి నడక. నడక యనగా వినోద యాత్ర కాదు. ఒక రాతిని చూపి, ఆ రాయి వలన ఏ మట్టి ఏర్పడినది, ఆ మట్టిలో ఏ మొక్క మొలచినది, ఆ మొక్కతో ఏ పశువు బ్రతికినది, ఆ పశువును నమ్ముకొని ఏ వృత్తి పుట్టినది, ఆ వృత్తివారు ఎట్టి యిల్లు కట్టుకొనిరి అని మెట్టు వెంట మెట్టుగా ప్రశ్నించుచు గెడ్డీసు ముందు నడచెను. సమాధానము చెప్పుటకు తొందరపడక చూపుటకే తొందరపడుట ఆయన పద్ధతి. విద్యలో చదువుట, వ్రాయుట, లెక్కించుట అను మూడింటికంటె ముందుగా హృదయము, హస్తము, శిరస్సు అను మూడును మేల్కొనవలెననియు, వాని క్రమము కూడ అదియే కావలెననియు ఆయన సిద్ధాంతము. మొదట ప్రేమ, తరువాత పని, ఆ పిమ్మట ఆలోచన.

1888లో డండీ విశ్వవిద్యాలయ కళాశాలలో వృక్షశాస్త్ర పీఠము ఏర్పడి, ఆ పదవి గెడ్డీసునకు లభించెను. వేసవి కాలమున మాత్రమే బోధింపవలసిన యేర్పాటు గనుక మిగిలిన మాసములు తన ఇతర కార్యములకు దక్కెను. 1919 వరకు ఆయన ఈ పదవిలో నుండెను.

వీక్షణ గోపురము, ఊరి తోటలు

1892లో ఎడింబరో కోట సమీపమున నున్న యొక పాత పరిశీలనశాలా భవనమును గెడ్డీసు సంపాదించి, దానికి ఔట్‌లుక్ టవరు అని పేరు పెట్టెను. దీనిని మనము వీక్షణ గోపురము అనవచ్చును. శిఖరమున కెమెరా అబ్‌స్క్యూరా అను చీకటిగది యంత్రముండెను. అద్దము, కటకముల సాయముతో చుట్టుపట్ల నగరమంతయు తెల్లని బల్లపై కదలాడు చిత్రముగా అందు కనబడును. సందర్శకులను గెడ్డీసు మెట్లపై త్వరత్వరగా శిఖరమునకు ఎక్కించి, మొదట ఈ దృశ్యమును చూపి, తరువాత మిద్దె వెలుపల నిలిపి అదే దృశ్యమును స్వయముగా చూడుమనెడివాడు. అటుపై ఒక్కొక్క అంతస్తు దిగవలెను. పై అంతస్తు ఎడింబరో. దాని క్రింద స్కాట్లండు. దాని క్రింద ఆంగ్లభాషా ప్రపంచము. ఆ క్రింద యూరపు. అట్టడుగున సమస్త భూగోళము.

ఇందు మూడవ అంతస్తు భాషాపరిశోధకుల దృష్టి నాకర్షింపదగినది. సామ్రాజ్యగర్వము శిఖరమున నున్న ఆ కాలమున గెడ్డీసు ఆ అంతస్తును సామ్రాజ్యమునకు పరిమితము చేయక, భాషకు అంకితము చేసెను. రాజ్యము కంటె భాషయే గాఢమైన సామాజిక బంధమని ఆయన తలంచెను. స్వస్థలము నుండి ప్రపంచమునకు పోవు దారిలో భాష యొక అంతస్తని, దానిని దాటవేసి పోరాదని ఆ గోపురము మౌనముగా బోధించినది.

గోపురమునుండి చూచిన చూపు గోపురములో నిలిచిపోలేదు. గెడ్డీసు బృందము పాత పట్టణములో ఇండ్ల నడుమ వ్యర్థముగా పడియున్న ఖాళీ స్థలముల నన్నిటిని నడచి సర్వే చేసెను. మొత్తము విస్తీర్ణము సుమారు 10 ఎకరములు గల 76 తావులు లెక్కకు వచ్చెను. చెత్త నిండిన ఈ తావులలో కొన్నింటిని తోటలుగా మార్చిరి. ఈ పనిలో ఆయన కుమార్తె నోరా ముఖ్యపాత్ర వహించెను. ఇరుకు వాడల పిల్లలు ఆ తోటలలో త్రవ్వి, నాటి, నీరు పోసి, తాము పెంచిన మొక్కను తామే పరిశీలించు అవకాశము పొందిరి. అడవికి పోలేని బిడ్డకు అడవిని వాకిటికి తెచ్చుట యన్నమాట.

ఈ సంచారముల సారమంతయు గెడ్డీసు ఒక పటములో ఇమిడ్చెను. కొండ కొన నుండి సముద్రము వరకు గల లోయను నిలువుగా కోసి చూపిన పటమది. పైన గని త్రవ్వువాడు, ఆ దిగువ కట్టెలు కొట్టువాడు, వేటగాడు, గొఱ్ఱెల కాపరి, మెట్ట సేద్యగాడు, తోటమాలి, చివర సముద్రపుటొడ్డున జాలరి. ఒక్కొక్క యెత్తున ఒక్కొక్క వృత్తి. ఒక్కొక్క వృత్తితో ఒక్కొక్క జీవన విధానము. నగరమనునది ఈ వృత్తులన్నియు వచ్చి కలిసిన సంగమమనియు, నగరవాసి తన లోయను నడచి చూచినగాని తన నగరమును ఎరుగలేడనియు దీని తాత్పర్యము.

భారతదేశ ప్రస్థానము

మద్రాసు గవర్నరు పెంట్లండు ప్రభువు ఆహ్వానముపై 1914లో గెడ్డీసు భారతదేశమునకు వచ్చెను. ఏండ్ల తరబడి సేకరించిన నగర ప్రదర్శన సామగ్రి వేరొక ఓడలో వచ్చుచుండెను. క్లాన్ గ్రాంట్ అను ఆ ఓడను జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ 1914 అక్టోబరులో ముంచివేసెను. పటములు, చిత్రములు సర్వమును సముద్రము పాలయ్యెను. స్వదేశములోని మిత్రులు త్వరత్వరగా మరల సామగ్రి సేకరించి పంపగా 1915 జనవరిలో మద్రాసున ప్రదర్శన జరిగెను.

తరువాతి యేండ్లలో ఆయన తంజావూరు, మధుర, బరోడా, లాహోరు, కపూర్తలా, బలరాంపురము మున్నగు పెక్కు పట్టణములను సర్వే చేసి నివేదికలు వ్రాసెను. అన్నిచోట్లను పద్ధతి ఒక్కటియే. మొదట నడక. వేకువనే సందుగొందులు తిరిగి, బావులు, చెరువులు, రావిచెట్ల అరుగులు, గుడి ముంగిళ్లు, ఇంటి వసారాలు చూచి గుర్తించుట. సన్నని సందులన్నియు పడగొట్టి తిన్నని విశాల వీధులు వేయవలెనను నాటి ఇంజనీర్ల మతమును ఆయన గట్టిగా వ్యతిరేకించెను. శిథిలమైన ఒకటి రెండు ఇండ్లను మాత్రము తొలగించి, అచట చెట్టు నాటి, మిగిలిన వాడను కాపాడు విధానమును సూచించెను. దీనికి సంరక్షణతో గూడిన శస్త్రచికిత్స యని ఆయన పెట్టిన పేరు. చెరువులు పూడ్చివేయుట కంటె శుభ్రపరచి నిలుపుట మేలని వాదించెను.

1917వ సంవత్సరము ఆయనకు దారుణమైనది. ఆ వసంతమున పెద్దకుమారుడు అలస్డేర్ ఫ్రాన్సు యుద్ధరంగమున మరణించెను. భార్య అన్నా అప్పటికే తీవ్రమైన జ్వరముతో నుండెను. ఆమెకు ఈ వార్త తెలియనీయక, కుమారుడు పూర్వము వ్రాసిన ఉత్తరములను గెడ్డీసు చదివి వినిపించుచు వచ్చెను. కొలది కాలమునకే ఆమె కలకత్తాలో కన్నుమూసెను. ఆ యేడే డార్జిలింగులో ఎడింబరో తరహా వేసవి సమావేశము జరిగెను. జగదీశ చంద్ర బోసు అందు పాల్గొనెను. దుఃఖమును దిగమ్రింగి పని కొనసాగించుట తప్ప ఆయనకు వేరొక ఓదార్పు తెలియదు. 1920లో బోసు జీవిత చరిత్రను గెడ్డీసే రచించి ప్రకటించెను.

ఇందూరు దీపావళి

గెడ్డీసు జీవితమున ఊరంతయు కలిసి నడచిన సంచారమొకటి కలదు. ఇందూరు నగరము ప్లేగుతోను, మలేరియాతోను బాధపడుచుండగా ఆయన అచటి దర్బారు కోరికపై నగర ప్రణాళిక రచింప బూనెను. చేత పటము పట్టుకొని వీధులలో తిరుగు ఈ గడ్డపు దొరను చూచి ప్రజలు మొదట భయపడిరి. ఆయన ఎచట గుర్తు పెట్టునో అచట ఇండ్లు పడగొట్టుదురని వారి శంక. కాగితముపైని ప్రణాళిక కంటె ఈ భయమును పోగొట్టుట ముఖ్యమని గెడ్డీసు గ్రహించెను.

మహారాజు అనుమతితో ఆయన ఆ యేటి దీపావళి ఊరేగింపును తన చేతికి తీసికొనెను. ఊరేగింపు అలవాటు చొప్పున పాత వీధులలో గాక, ఏ వీధివారు తమ ఇండ్లను వాకిళ్లను ఎక్కువ శుభ్రముగా చేసికొందురో ఆ వీధిన పోవునని చాటించెను. ఊరంతయు కదలెను. చెత్తకుప్పలు బండ్లకెక్కెను, ఇండ్లకు సున్నములు పడెను. పండుగనాడు పంటలు, పాడి, చేతివృత్తులు శకటములపై ముందు నడచెను. వాని వెనుక మురికి రాక్షసుని బొమ్మ, దోమ బొమ్మ, ప్లేగును మోయు పెద్ద యెలుక బొమ్మ వచ్చెను. ఆ పిమ్మట తెల్లని బట్టలు కట్టి, పూలమాలలు ధరించి, క్రొత్త చీపుళ్లు చేతబట్టిన పారిశుధ్య కార్మికులు ఊరి నడివీధిలో గౌరవముతో నడచిరి. చివర లక్ష్మీదేవి. ఊరేగింపు ముగియగా రాక్షసులను దహించిరి. ఇండ్లకు తులసి మొక్కలు పంచిరి.

సూక్ష్మజీవి శాస్త్రమును గూర్చి ఉపన్యాస మీయక, పండుగ భాషలో ఆ శాస్త్రమును చెప్పుట ఇందలి విశేషము. ఎలుక, దోమ, చెత్త అనునవి రావణుని సరసన చేరగనే ప్రతి బాలునికిని అర్థమయ్యెను. అంటరానివారుగా చూడబడినవారిని ఊరేగింపు నడుమ నిలుపుట ఆ కాలమునకు చిన్న సాహసము కాదు. 1918లో ప్రకటితమైన ఇందూరు నివేదిక రెండు సంపుటములు. అందు ప్రతిపాదిత విశ్వవిద్యాలయమును గూర్చిన భాగమున పరీక్షలకే అంకితమైన విద్యను గెడ్డీసు తీవ్రముగా విమర్శించెను.

బొంబాయి, శాంతినికేతనము, హైదరాబాదు

1919లో బొంబాయి విశ్వవిద్యాలయమున సంఘశాస్త్ర, పౌరశాస్త్ర విభాగమునకు ప్రథమాచార్యుడై 1924 వరకు పనిచేసెను. విద్యార్థులను తమ ఊరిని, తమ కులవృత్తిని, తమ వీధిని సర్వే చేయుమని ప్రోత్సహించెను. తరువాత భారతీయ సంఘశాస్త్రమునకు పెద్దదిక్కైన జి. ఎస్. ఘుర్యే ఆయన ప్రోద్బలముననే ఇంగ్లండులో చదువుకొనెను. అయితే పరీక్షకు పనికివచ్చు నోట్సు కోరిన విద్యార్థులకు ఈ ఆచార్యుడు కొరుకుడు పడలేదు. ఆయన మాటలు ఒక విషయమునుండి వేరొక విషయమునకు దుమికెడివి, వ్రాతయు క్లిష్టమైనది. తలపెట్టిన గ్రంథములు పెక్కు పూర్తి కాలేదు. ఆయన విద్య ఆయన వెంట నడచినవారికే పూర్తిగా దక్కినది. పుస్తకముపై అపనమ్మకమునకు ఆయన చెల్లించిన మూల్యమిది.

చెట్ల క్రింద తరగతులు నడపిన రవీంద్రనాథ ఠాకూరునకును గెడ్డీసునకును స్నేహము కుదురుట సహజము. ఇరువురి నడుమ విద్యను గూర్చి లేఖలు నడచినవి. గెడ్డీసు కుమారుడు ఆర్థరు శ్రీనికేతనమున గ్రామ పునర్నిర్మాణ కార్యములో కొంతకాలము పనిచేసెను. అయినను ఇరువురి దృష్టులలో భేదము లేకపోలేదు. ఠాకూరు ప్రకృతిని ముఖ్యముగా ఆనంద హేతువుగా చూచెను; గెడ్డీసు ఆ ఆనందమును సర్వేగా, పటముగా, పనిగా మార్చదలచెను.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు శాశ్వత స్థలమును నిర్ణయించుటకు నిజాము ప్రభుత్వము గెడ్డీసును ఆహ్వానించెను. ఆయన నగర పరిసరములలోని పలు స్థలములను పరిశీలించి 1923లో నివేదిక సమర్పించెను. అడిక్‌మెట్టులోని విశాలమైన రాతినేల విశ్వవిద్యాలయ స్థానమయ్యెను. 1934లో శంకుస్థాపన జరిగెను. దేశభాషయైన ఉర్దూ మాధ్యమముగా ఉన్నతవిద్య గరపుటకు వెలసిన ఆ విద్యాపీఠము తెలుగు నేలపై నుండుటయు, రాయప్రోలు సుబ్బారావు వంటి కవి అచట తెలుగు బోధించుటయు మనకు తెలిసినదే.

1924లో గెడ్డీసు దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే చేరి, ఊరి వెలుపల రాళ్లు తేలిన మెట్ట నేలపై స్కాట్ కళాశాల యను ఒక విద్యార్థి నివాసమును నిర్మించి, దాని చుట్టును తోట పెంచెను. 1932లో సర్ బిరుదము నందుకొని, ఆ యేడే ఏప్రిలు 17వ తేదీన అచటనే మరణించెను.

ఫలశ్రుతి

గెడ్డీసు స్థాపించిన సంస్థలలో పెక్కు ఆయనతోనే క్షీణించెను. పద్ధతి మాత్రము నిలిచెను. ఆయన వద్ద పనిచేసిన ఎ. జె. హెర్బర్ట్‌సన్ భూగోళ శాస్త్రమున ప్రాంతీయ దృష్టిని నెలకొల్పెను. లూయీ మంఫర్డు ఆయన భావములను అమెరికాలో వ్యాపింపజేసెను. భారతదేశమున 2020 జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల విద్యార్థులు పది దినములు పుస్తకముల సంచి లేక స్థానిక వృత్తికారుల వద్ద నేర్చుకొనవలెనని సూచించినది. పది దినములకే పరిమితమైనను ఇది గెడ్డీసు నడచిన దారిలోని యడుగే.

భాషా పరిశోధకులకు ఇందు మిగులు పాఠమేమి? గెడ్డీసు లోయ పటమును తూర్పు కనుమలనుండి గోదావరి ముఖద్వారము వరకు పరచి చూడుడు. కొండ పోడు, గొల్లల మంద, మెట్ట చేను, మాగాణి మడి, ఉప్పుటేటి వల. ఒక్కొక్క మెట్టున నేల మారినట్లే మాటయు మారును. మట్టికి, నాగలి భాగములకు, వానకు, వలకు గల పేర్లు నిఘంటువులలో కంటె ఆ పని చేయువారి నోట ఎక్కువగా నున్నవి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటము వ్యవసాయ పదములను రైతుల నోటినుండియే సేకరించినది. దానికి గెడ్డీసు ప్రేరణ కలదని చెప్పుటకు వీలులేదు. అయినను చోటు, పని, జనము అను త్రయము తెలిసినవానికి ఆ కోశము పరాయిది కాదు. వృత్తి మరుగుపడినచో దాని మాటయు మరుగుపడును. ట్రాక్టరు వచ్చిన పొలమున నాగలి భాగముల పేర్లు తెలిసినవారు ఏటేట తగ్గుచున్నారు.

కావున తెలుగు విద్యార్థిని ఏడాదికొక మారైనను తన మండలములోని ఏటి వెంట నడిపించి, కనబడిన చెట్టును, పనిముట్టును, పనివానిని చూపి, వాని పేర్లను ఆ పనివానినే అడిగి వ్రాసికొనుమనుట వినోదము కాదు, పరిశోధనయే. ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. నడువగల కాళ్లును, అడుగుటకు సిగ్గుపడని మనసును, చెప్పువానిని గురువుగా భావించు వినయమును చాలును. గెడ్డీసు తన జీవితముతో నిరూపించినది ఇంతమాత్రమే. నిరూపించుట సులభము కానిదియు నిదియే.